పదహారో ఎక్కానికి పని ఉన్న రోజులు

రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు. రెళ్ళు, మూళ్ళు, ఏళ్ళు అన్నవి రెండు, మూడు, ఏడు అనే సంఖ్యలకు బహువచనాలు. ‘మూడు రెళ్ళు’ అంటే రెండేసి చొప్పున మూడు గుంపులు. గుణకారం అంటే ఏమిటో ఎక్కం మాటలోనే ఉంది. వల్లెవేతలో లయ నిలిచి అర్థం జారిపోవడం మాత్రం తరచూ జరిగేదే. తప్పు లెక్కకు మారుపేరైన ‘రెండు రెళ్ళు ఆరు’ 1986లో జంధ్యాల సినిమాకు పేరు కూడా అయింది.

తెలుగు ప్రాంతపు వీధిబడుల్లో ఎక్కాలు ఎలా చెప్పేవారో తెలియడానికి మంచి ఆధారం బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో అంతకుముందు ఏడాది అన్ని జిల్లాల నుంచీ బడుల వివరాలు అడిగాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు ఆ నివేదికలో ఉంది. వాటిలో తెలుగు బడులు 226. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. కూడికల, గుణకారాల ఎక్కాలనూ కొలతల పట్టికలనూ రోజుకు రెండుసార్లు వరుసగా నిలబడి, పెద్ద తరగతి పిల్లవాడు చెబుతుంటే అందరూ గొంతు కలిపి అప్పజెప్పేవారు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో ‘సరస్వతి’ అని రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ బెత్తం దెబ్బలు పెరిగేవి. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి అంకెల వరుస ఆ విధంగానూ వంటబట్టేదన్నమాట.

ఆ బడుల్లో అసలు శ్రమంతా భిన్నాల దగ్గరే. పదులతో కాక నాలుగులతో తెగే భిన్నాలను చాలా దూరం నేర్పుతారని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా రాశాడు. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. అంటే ఒకటిలో వీసాలు పదహారు, కానులు అరవై నాలుగు. ఈ భిన్నాలకు తెలుగులో విడిగా గుర్తులు ఉండేవి. వాడుకలోంచి ఎప్పుడో పోయిన ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చోటు సంపాదించుకున్నాయి. బజారు కూడా ఈ నాలుగుల మీదే నడిచేది: నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు అణాలు పావలా, నాలుగు పావలాలు రూపాయి. పదహారో ఎక్కం రానివాడు అణాల లెక్క చెప్పలేడు. ఏడు రూపాయలకు అణాలెన్ని అంటే నూటపన్నెండు అని ఠక్కున రావాలి. నిండుతనానికి ‘పదహారణాల’ అనే మాట ఆ రూపాయి లెక్క నుంచే వచ్చింది.

బడి బయట ఇదే లెక్క ఆటగా సాగేది. వామనగుంటల పీటలో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు. గుంటకు ఐదేసి చింతగింజలు పోస్తే పద్నాలుగు ఐదులు డెబ్బై. నాలుగేసి పోస్తే యాభై ఆరు. ఏ గుంట నుంచి మొదలుపెడితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే ఊహించే పిల్లకు సమాన గుంపుల లెక్క వేళ్ళకు తెలిసినట్టే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ ఒక తీరుగా పడితే నాలుగు, మరో తీరుగా పడితే ఎనిమిది. వీటిని అప్పట్లో ఎవరూ బోధన సామగ్రి అనలేదు.

సికింద్రాబాద్ దగ్గరి లాలాపేట్ పరిసరాల్లో బజారు లెక్క మరికాస్త చిక్కు. పక్కనే లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాప్ 1893లో ఏర్పడింది. అక్కడి కొలతలు అడుగులు, అంగుళాలు కాబట్టి పన్నెండో ఎక్కం చేతిపనికి అవసరం. మరోపక్క చేరువలో సికింద్రాబాద్ కంటోన్మెంటు. అక్కడ బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి, నిజాం ఏలుబడిలో హాలీ సిక్కా రూపాయి. రెంటిలోనూ రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అయినా విలువ వేరు. నూరు కల్దారు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. చూడ్డానికి భయపెట్టే ఈ అంకెలో ఉన్నది ఆరుకు ఏడు అన్న నిష్పత్తే. ఆరో ఎక్కం, ఏడో ఎక్కం వచ్చిన మనిషి మారకంలో మోసపోయే అవకాశం తక్కువ. చదువు ఉర్దూ మాధ్యమంలో సాగే బడుల్లో ఎక్కాన్ని ‘పహాడా’ అనేవారు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి శేర్ల చోట కిలోలు రావడం మొదలైంది. హాలీ సిక్కా కూడా ఆ దశకంలోనే తెరమరుగైంది. వీసం, కాని ఎక్కాలకు బజారులో పని పోయింది. పదహారో ఎక్కం మాత్రం పుస్తకంలో మిగిలింది, ఎందుకు నేర్వాలో చెప్పే అణాలు లేకుండా. 

ఇప్పుడు గవ్వలు, గింజలు తరగతి గదికి వస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం చదవడం, రాయడంతో పాటు చతుర్విధ ప్రక్రియల మీద దృష్టి పెట్టింది. ఉపాధ్యాయులు తయారుచేసిన సామగ్రితో మేళాలు కూడా జరుగుతున్నాయి. పదో ఎక్కం దాకా పట్టికలో నూరు గళ్ళు ఉంటాయి. నాలుగేసి గింజల మూడు వరుసలు పేర్చి, పక్కకు తిరిగి చూస్తే మూడేసి గింజల నాలుగు వరుసలు. నాలుగు మూళ్ళు, మూడు నాలుగులు ఒకటేనని కంటికి కనబడితే నూరు గళ్ళు 55 అవుతాయి. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకు తేలిగ్గానే వస్తాయి. వాటిని తీసేస్తే మిగిలేవి 21. అందులోనూ తొమ్మిదో ఎక్కానికి పది వేళ్ళు చాలు: చేతులు చాచి నాలుగో వేలు ముడిస్తే దానికి ఎడమన మూడు, కుడిన ఆరు, అంటే ముప్పై ఆరు. తొమ్మిది ఉన్న ఆ ఆరు గళ్ళూ పోతే మిగిలేవి పదిహేనే. చీటీల ఆటలో, తంబోలాలో ఆ పదిహేనునే మళ్ళీమళ్ళీ వచ్చేట్టు రాయవచ్చు. వాటిలో పిల్లలు తరచూ తడబడే లెక్క ఏడు ఎనిమిదులు. దాని జవాబు యాభై ఆరు, గుంటకు నాలుగు చొప్పున వామనగుంటల పీటలో పట్టే గింజలన్ని.