దుమ్ము చొరని గది

బెంగుళూరు నుండి కోలారు పోవు బాటలో హోసకోటను మేమెన్నిసార్లో దాటితిమి. ఆ చుట్టుపట్ల తెలుగుమాట క్రొత్త కాదు. అచ్చటనే భారత ఖగోళభౌతిక సంస్థవారి ఎం.జి.కె. మేనన్ ప్రయోగశాల యున్నదని మాలో చాలమందికి తెలియదు.

రోదసికి పంపు దూరదర్శినిని ముందు నేలమీదనే పరీక్షింపవలెను. పరీక్షించు సాధనమే తప్పైనచో? 1990లో పైకి పోయిన అమెరికావారి హబుల్‌కు చూపు మసకగా నుండెను. దాని అద్దమును పరీక్షించిన పరికరములో ఒక కటకము 1.3 మిల్లీమీటర్లు తప్పి అమరినది. ఆ తప్పు కొలతకే అద్దమును నునుపుచేసిరి. వేరు పరీక్షలు లోపమును చూపినను నమ్మరైరి! 1993లో మనుషులు పైకి పోయి సరిదిద్దిరి.

హోసకోటలో కూర్చిన అతినీలలోహిత దూరదర్శిని యూవిట్ 2015లో ఆస్ట్రోశాట్‌తో శ్రీహరికోట నుండి లేచెను. ఆ కిరణములకు దుమ్మే కాదు, జిగురునుండి వెలువడు ఆవిరి అద్దముపై పలుచని పొరగా పేరినను అడ్డే.

అదే ఆవరణలో తయారై 2023లో ఆదిత్య-ఎల్1తో వెళ్ళిన వెల్క్ పని మరింత కష్టము. సూర్యబింబమును మరుగుపరచి, దానికన్న లక్షల రెట్లు మసకయైన కరోనాను అది చూడవలెను. అద్దముపై ధూళికణములున్నచో బింబపు వెలుగు చెదరి కరోనాను మింగివేయును. అందుకే వడపోసిన గాలి, నిలువెల్ల కప్పు దుస్తులు. మనమో, ఉగాదికి ఇల్లు దులిపి మురిసిపోవుదుము!

ఇప్పుడా వెల్క్ 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది. హోసకోటలో తుడువక విడిచిన కణమును తుడుచుటకు అచ్చటికి ఎవరును పోజాలరు.