మర్జ్‌కు మా ఊరి పేరు



2021 మే మొదటి వారంలో మా కర్నూలు పేరు దేశమంతా మోగిపోయింది. ఎన్440కె అనే కరోనా రకం ఇక్కడే పుట్టిందనీ, మామూలు దానికంటే పదిహేను రెట్లు ప్రమాదమనీ టీవీలు మొదలుపెట్టాయి. 'కర్నూలు వేరియంట్', 'ఏపీ స్ట్రెయిన్' అని పేర్లు కూడా పెట్టేశారు. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని హుకుం జారీ చేసింది. ఆ రకం గురించి మాట్లాడి జనంలో ఖౌఫ్ పుట్టించారంటూ ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు మీద కర్నూలులో కేసు నమోదైంది.

ఈ హంగామా నడుస్తుండగానే హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఒక మాట చెప్పారు. ఎన్440కె తగ్గిపోతోంది, దాని జాగాలోకి బి.1.617, బ్రిటన్‌లో బయటపడిన బి.1.1.7 వస్తున్నాయి అని. ఈ బి.1.617లోని ఒక శాఖకే తర్వాత డెల్టా అని పేరొచ్చింది. అంటే మనల్ని చంపుతున్నది ఒకటైతే, మనం భయపడుతున్నది ఇంకొకదానికి. అంతకుముందు సీసీఎంబీ వాళ్లు ప్రయోగశాలలో కణాల్లో పెంచి చూసినప్పుడు ఎన్440కె ఒక పాత రకం కంటే పదింతలు వైరస్‌ను పుట్టించిన మాట నిజమే. గాజు పళ్లెంలోని ఆ లెక్క చానెళ్ల దాకా వచ్చేసరికి పది కాస్తా పదిహేను అయింది, అదీ మనుషుల చావుల లెక్క అయిపోయింది.

మర్జ్‌కు పేరు తగిలిస్తే ఏమవుతుందో మా ఊరికి అప్పటికే ఏడాది తజుర్బా ఉంది.

2020 మార్చి 25 ఉగాది. అదే దేశమంతా లాక్‌డౌన్ మొదటి రోజు. కడప ముసల్మానులకు ఉగాది అంటే దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి టెంకాయ తీసుకెళ్లే రోజు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అనే నమ్మకంతో తరాలుగా నడుస్తున్న రివాజు అది. ఆ ఏడు గుడి వాకిలి మూత, దర్గా వాకిలి మూత. వారం తిరిగేలోపు నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. ఇక ఆ తర్వాత సంగతి మీలో చాలామందికి నేను చెప్పాల్సిన పనిలేదు. కూరగాయల బండిమీద సలీం అనో రఫీ అనో పేరుంటే జనం దూరం జరిగిన రోజులవి.

ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక లెక్క చెప్పింది. దేశంలో 14,378 కేసులుంటే అందులో 4,291 తబ్లీగీ జమాత్ సభకు సంబంధించినవి, ఆంధ్రలోనైతే 61 శాతం అని. అంకెలు తప్పని నేననను. ఆ సభ వల్ల మర్జ్ వ్యాపించిందీ నిజమే. ఢిల్లీ వెళ్లొచ్చినవాళ్లలో, వాళ్ల ఇళ్లలో ఎంతమంది మంచాన పడ్డారో పాత బస్తీలో అందరికీ తెలుసు. కానీ అప్పుడు టెస్టు కిట్లు తక్కువ. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు, కేసు తేలినవాళ్లతో కలిసి తిరిగినవాళ్లకు, ఆసుపత్రిలో తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రమే పరీక్ష చేసేవాళ్లు. మర్కజ్ జాబితా పట్టుకుని ఇల్లిల్లూ వెతికారు, దొరికారు. అదే వారాల్లో ఇంకే పెళ్లి నుంచి, ఇంకే మార్కెట్ నుంచి ఎంతమందికి అంటుకుందో అలా జాబితా పట్టి వెతికినవాళ్లు లేరు. ఆ నెలాఖరుకు రాష్ట్రంలో 1,400 దాటిన కేసుల్లో 380కి పైగా కర్నూలు జిల్లావే. ఆ అంకె పక్కన ఈ వివరం ఏ చానెల్లోనూ నాకు కనబడలేదు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వీళ్లను బలిపశువులను చేశారని గట్టిగానే అంది. ఇక్కడి వాళ్లకు ఆశ్రయమిచ్చారని పెట్టిన కేసుల్లో 70 మంది భారతీయులకు ఢిల్లీ హైకోర్టు నుంచి విముక్తి వచ్చేసరికి 2025 జూలై అయింది. ఐదేళ్లు!

ఆ ఏప్రిల్‌లోనే మాకు డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ సాబ్ దూరమయ్యారు. కర్నూలు బయటివాళ్లకు 'రెండు రూపాయల డాక్టర్' అంటే తెలుస్తుంది. ప్రభుత్వ వైద్యంలో పెద్ద హోదా వదులుకుని సొంతంగా కూర్చున్నాక, ఏళ్ల తరబడి రెండు రూపాయలే ఫీజు. తర్వాత టేబుల్ మీద ఒక డబ్బా ఉండేది. ఇవ్వగలిగింది అందులో వెయ్యి, చిల్లర కావాలంటే నువ్వే తీసుకో. నువ్వు ఎంత వేశావో ఆయన చూసేవారు కాదు. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. మజ్హబ్ అడిగింది లేదు. ఏప్రిల్ 14న, 76 ఏళ్ల వయసులో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. కోవిడ్ అని నివేదిక ఆ తర్వాత వచ్చింది. మామూలు రోజుల్లో అయితే ఊరు ఊరంతా జనాజాకు కదిలేది. వేళ్లమీద లెక్కపెట్టేంత మందితో దఫన్ జరిగింది.

ఆయన పోవడం వల్ల ఊరికి జరిగిన నష్టాన్ని నేను ఇంకో కోణంలోనూ చూస్తాను. టీకా వచ్చినప్పుడు "వేయించుకోండి" అని చెబితే వన్‌టౌన్ గల్లీల్లో మారుమాట లేకుండా చేయి చాపేది ఆయన ఒక్కరి ముందే. ఎతెబార్ అనేది జీవోతో రాదు కదా.

మధ్యలో తెరవడం, మూయడం అనే బహస్ ఒకటి నడిచింది. 2020 జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు, హోటళ్లు, మాల్స్ తెరవచ్చన్నారు. అక్టోబర్ 15 నుంచి సగం సీట్లతో సినిమా హాళ్లు, వినోద పార్కులు. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 1 వరకు తుంగభద్ర పుష్కరాలు. నదిలో మునక వద్దని ఘాట్ల మీద జల్లు స్నానాలు ఏర్పాటు చేశారు. చాయ్ హోటళ్లలో వాదన ఒక్కటే: వాళ్లకు తెరిచారు, మాకెందుకు తెరవలేదు? మసీదువాళ్లు సినిమా హాలును చూపించారు, హాలువాళ్లు మద్యం దుకాణాన్ని చూపించారు. (ఆ చివరి షికాయత్‌లో మాత్రం అన్ని మజ్హబ్‌ల ఆడవాళ్లూ ఏకమయ్యారు.)

అడగాల్సిన సవాల్ వేరే ఉంది. ఆ జాగాలో గాలి ఆడుతుందా, అక్కడ ఎంతసేపు కూర్చుంటాం? గాలిలో తేలే తుంపరల సంగతి పట్టించుకోండని 2020 జూలైలోనే 239 మంది శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాశారు. ఆ లెక్కన పెన్నా లోయ అంచున గాలి విసిరికొట్టే గండికోట, లోపలికి దిగితే ఉక్కపోతతో చొక్కా తడిసే బెలుం గుహలు ఒకటి కావు. మన వైపు అడిగినవాళ్లకు రెండూ 'పర్యాటక స్థలాలే'. తెరిచిన ఈద్గా మైదానానికీ కిటికీలు మూసిన షాదీఖానాకూ ఉన్న తేడా కూడా అదే. షాదీఖానాల్లో వలీమాలు మాత్రం ఆగలేదు, ఆ సంగతి మనమూ ఒప్పుకోవాలి.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇచ్చారని అడిగినవాళ్లది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాల్సిన చోట వాళ్లను దేశద్రోహుల్లా చూశారు. ఆ ఖాళీలోకి అఫ్వాహ్‌లు దూరాయి. పందికొవ్వు ఉందన్నారు. కోవిషీల్డ్‌లో గానీ కోవాగ్జిన్‌లో గానీ జిలాటిన్ లేదు. పిల్లలు పుట్టరన్నారు. దానికి ఏ సుబూతూ లేదు. ఆ ఏడు ఏప్రిల్ 13న ఉగాది, మరునాడే తొలి రోజా. రోజాలో సూది వేయించుకోవచ్చా అని ఇంకో బెంగ. వేయించుకుంటే రోజా విరగదని లక్నో ఫిరంగీ మహల్ దారుల్ ఇఫ్తా ఫత్వా ఇచ్చింది. కడపలో మా ఖాలా ఆ ఫత్వా వాట్సాప్‌లో చదివి కూడా కదల్లేదు. "మార్కజ్ అని ఇంటికొచ్చి లిస్టు రాసుకుపోయిన వాళ్లే ఇప్పుడు సూది అని వస్తే ఎట్లా నమ్మేది బేటా?" అంది. అది జహాలత్ అని కొట్టిపారేయలేను.

ఎందుకంటే ఇది పాత కథ. 1896లో బొంబాయికి తావూన్ వచ్చింది. మరుసటి ఏడాది చేసిన అంటువ్యాధుల చట్టమే 2020లోనూ ప్రయోగించారు. సోదా బృందాలు ఇళ్లలోకి చొరబడి రోగులను లాక్కెళ్లేవి. 1898 మార్చిలో జులాహాల ఇంటి ఆడపిల్లను తీసుకెళ్లబోతే బొంబాయిలో ఫసాద్ చెలరేగింది. అదే నగరంలో హాఫ్కిన్ తావూన్ టీకా తయారుచేస్తున్నాడు. జనం భయపడుతుంటే మూడో ఆగాఖాన్, అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, తన జమాత్ వాళ్ల ముందు తానే సూది వేయించుకున్నాడు. ప్రయోగశాలకు తన బంగళా ఇచ్చాడు. 1902 అక్టోబర్‌లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ఒకే సీసా నుంచి టీకా పడ్డ 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. హాఫ్కిన్‌ను తప్పించారు. సీసా అక్కడ తెరిచేటప్పుడు కలుషితమైందని తేలి, ఆయన నిర్దోషి అనడానికి 1907 దాకా పట్టింది. చచ్చిన 19 మందీ నిజం, ఆ టీకా వల్ల బతికిన వేలమందీ నిజం.

మా ఖాలా చివరికి జూన్‌లో వేయించుకుంది. వాళ్ల గల్లీలోనే ఉండే ఆశా కార్యకర్త నాలుగుసార్లు వచ్చి, కూర్చుని, చాయ్ తాగి, తన చేతి మీది సూది గుర్తు చూపించి పోయింది. కాగితం, జాబితా ఏమీ తేలేదు.

2024 మేలో ఆస్ట్రాజెనెకా తన టీకాను ఐరోపా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోగానే అదే ఖాలా ఫోన్. "ధోకా చేశారా మనల్ని?" రక్తం గడ్డకట్టే ఆ ఇబ్బంది సంగతి ఐరోపా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే బయటపెట్టిందనీ, అది చాలా అరుదనీ, వచ్చినా ఎక్కువగా సూది పడ్డ కొద్ది వారాల్లోనే వస్తుందనీ, మూడేళ్ల తర్వాత దాని గురించి బెంగ అక్కర్లేదనీ చెప్పాను. అయితే ఈ మాట ఆ రోజు సూది వేసేటప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగింది.