ఫిజీ తీరవాసుల సముద్ర రక్షణ

ఫిజీ యనగానే మనవారికి చెరకు తోటలును, గిర్మిట్ కూలీల కష్టగాథలును జ్ఞప్తికి వచ్చును. 1879 మొదలు 1916 వరకు భారతదేశమునుండి సుమారు 60 వేలమంది ఒప్పందపు కూలీలుగా ఆ దీవులకు పోయిరి. 1903 నుండి మద్రాసు రేవున ఓడలెక్కినవారిలో తెలుగువారును పెక్కురు గలరు. మనవారు దున్నిన ఆ నేల కథను మనము కొంత యెరుగుదుము. దానిని చుట్టియున్న కడలి కథను అంతగా నెరుగము. ఆ కడలిని తరతరములుగా అనుభవించినవారు దీవుల ఆదివాసులైన ఫిజీయులు. వారిలో ఒక గ్రామమువారు తరిగిపోవుచున్న తమ సముద్రసంపదను మరల పెంచుకొనిన విధము ఆలోచింపదగినది.

ఫిజీయందు తీరవంశములకు తమతమ చేపలవేట మేరలు కలవు. వీనిని 'గోలిగోలి' యందురు. పెద్దల యాజ్ఞచే ఆ మేరలో కొంతభాగమున వేటను నిషేధించు ఆచారమునకు 'తంబు' అని పేరు. వంశపెద్ద మరణించినప్పుడు నూరు రాత్రులు వేట మాని, పిదప విందుచేసి నిషేధము నెత్తివేయుట పూర్వమర్యాద. 1874లో దీవులు బ్రిటిషువారి యేలుబడిలోనికి పోగా, సముద్రము ప్రభుత్వపు సొత్తయ్యెను. వేటహక్కు మాత్రము వంశముల చేతిలో మిగిలెను. 1970లో స్వాతంత్ర్యము వచ్చినను ఈ యేర్పాటు నిలిచియే యున్నది. ఇట్టి మేరలు సుమారు 400 కలవు.

హక్కు నిలిచెను గాని సంపద నిలువలేదు. జనసంఖ్య పెరిగెను. నైలాను వలలు, మోటారు పడవలు వచ్చెను. ఇంటికి నగదు కావలసివచ్చెను. పట్టణపు బజారు ఎంత తెచ్చినను కొనుచుండెను. వీతిలేవు అను పెద్దదీవి తూర్పుతీరమున వేరాత యను ప్రాంతము గలదు. అందలి ఉదునివనువ గ్రామమువారికి 'కైకొసొ' యను గుల్ల ముఖ్యాహారము, ముఖ్యాదాయము. మన తీరమున సున్నమునకు కాల్చు గుల్లల జాతికి దగ్గరిది. సముద్రము వెనుకకు తీసినప్పుడు స్త్రీలు బురదలో దిగి దానిని చేతులతో వెదకి తీయుదురు. పూర్వము కొన్ని గంటలలోనే పెక్కు సంచులు నిండెడివి. 1990 తరువాత దినమంతయు వెదకినను అరసంచెడు చిన్నగుల్లలు దొరకుట గగనమయ్యెను. పెద్దలు తిన్నది పిల్లలకు మిగులునా యను ప్రశ్న ప్రతి యింటను పుట్టెను.

గ్రామపెద్ద కుమారుడొకడు సువ నగరమందలి దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమున చదువుచుండెను. అతని మూలమున గ్రామమువారు ఆచార్యుల సాయము కోరిరి. వచ్చిన పండితులు శాసనములు చేయలేదు. ముందుగా గ్రామస్థుల యనుభవమును వినిరి, పిదప లెక్కించు పద్ధతి నేర్పిరి. ఒడ్డునుండి తాడు చాచి, సమానదూరములలో చదరపు గళ్లు గుర్తించి, ఒక్కొక్క గడిలోని గుల్లలను ఏరి, ఎన్ని యున్నవో లెక్కించి, ఒక్కొక్కదాని కొలత వ్రాయవలెను. ఇరువదిమంది స్త్రీపురుషులు ఈ పని నేర్చుకొనిరి. 1997లో గ్రామము ముందరి 24 హెక్టారుల బురదనేలను, సముద్రపు గడ్డినేలను మూడేండ్లు ముట్టరాదని నిర్ణయించిరి. నిషేధమున్న చోటను, లేని చోటను, లెక్క సాగుచునే యుండెను.

ఆరంభమున 5 సెంటీమీటర్లు మించిన గుల్ల కనబడుటయే అరుదు. కొన్నియేండ్లకు నిషిద్ధభాగమున 8 సెంటీమీటర్లు మించినవి సాధారణముగా దొరకసాగెను. గుల్లల పిల్లలు నీటివెంట కొట్టుకొనిపోయి వెలుపలను పాదుకొనుటచే, వేట సాగుచోటనుగూడ సంఖ్య పెరిగెను. మూడేండ్ల గడువు తీరినను గ్రామమువారు నిషేధము నెత్తివేయక, గడువు లేకుండ పొడిగించిరి.

ఇందలి రహస్యమేమి? తంబు వారికి క్రొత్త గాదు; లెక్క క్రొత్తది. పూర్వము పెద్దమాటపై గౌరవము నిషేధమును కాపాడెను. ఇప్పుడు ఆ గౌరవమునకు కన్నులార చూచిన అంకెలు తోడయ్యెను. సముద్రమునకు కంచె వేయజాలము. కావలివాండ్రను నిలుపుటయు కష్టమే. తన చేతితో గుల్లలను కొలిచి వ్రాసిన స్త్రీకంటె మంచి కావలి యెవరు?

ఈ వార్త పొరుగూళ్లకు, పొరుగు దీవులకు ప్రాకెను. 2000లో పసిఫిక్, ఆగ్నేయాసియా ప్రాంతముల తీరవాసులు, శాస్త్రజ్ఞులు కలిసి స్థానికపాలిత సముద్రప్రాంతముల సంఘమును స్థాపించి, తాము కనుగొన్నదానిని ఒకరికొకరు తెలుపుకొందుమని ఒప్పందము చేసికొనిరి. 2001లో ఫిజీయందు దాని శాఖ యేర్పడెను. 2002లో ఆ శాఖకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించెను. అన్నిచోట్లను విజయమే యని చెప్పరాదు. 2008లో కియా దీవియందు నిధులకొరకు నిషిద్ధభాగమును కొన్నివారములు తెరువగా, యేండ్ల తరబడి పెరిగిన చేపలు చాలవరకు తరిగిపోయెను. ఇట్టి అపజయములను దాచక తెలుపుకొనుటయు సంఘమునకు మేలే.

మన దేశమున 1999లో హైదరాబాదు నగరమందు నెలకొనిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, ఉపగ్రహములు చూపు నీటివేడిమిని, పచ్చదనమును బట్టి చేపలు చేరుచోట్లను తెలుగునందును, ఇతర తీరభాషలందును జాలరులకు తెలుపుచున్నది. దీనివలన వెదకుకాలమును, ఇంధనమును కలిసివచ్చును. ఇది ప్రభుత్వము చేయదగిన గొప్పసేవ. అయితే చేపలెచ్చటనున్నవో ఆకాశమునుండి తెలియును. రేపటికి ఎన్ని విడువవలెనో మాత్రము తీరమునందే నిర్ణయింపవలసియున్నది. పైనుండి వచ్చు సమాచారము, ఒడ్డున పుట్టు సమాచారము చేతులు కలిపిననాడు మన జాలరిపేటలకును ఉదునివనువ భాగ్యము కలుగగలదు.