గుమస్తా పక్కన

1878 జూలై 3. ఒంగోలుకు పది మైళ్ల దూరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ రేవు. మీరు గట్టు మీద, పేర్లు చదివే గుమస్తా పక్కన నిలబడ్డారు. జాబితా మీద వేలు పెట్టి అతనొక పేరు పిలుస్తాడు. ఒక ముసలాయన పంచె ఎగదోపుకుని నీళ్లలోకి దిగుతాడు. బోధకుడు మాట చెప్పి ముంచుతాడు, లేపుతాడు. ఆయన మొహం తుడుచుకునేలోపే ఇంకో పేరు.

నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులే. అలిసిన జంట గట్టెక్కితే మరో జంట దిగుతుంది. మొత్తం ఆరుగురు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర తన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వడు. మిట్టమధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రానికి 2,222 మంది. మనిషికి అర నిమిషం కూడా పడలేదు.

ఈ అంకె మా మందిరంలో పిల్లలకు కూడా నోటికొచ్చు.

కాస్త వెనక్కి, బకింగ్‌హాం కాలువ గట్టుకు రండి. 1877, కరువు. మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని చేసినవాడు మరి. ఇక్కడ బోధకులే మేస్త్రీలు. తట్ట దించి కూలబడ్డ ఆడమనిషి పక్కన ఒకాయన కూర్చుని యేసు సంగతి చెబుతున్నాడు.

"మాకూ బాప్తిస్మం ఇప్పించయ్యా."

"ఇప్పుడు కాదమ్మా."

కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. తవ్వించడం, చెప్పడం, ఆగమనడం. అంతే పని.

ఆ గుమస్తాలాగే నేనూ జాబితా పట్టినవాణ్ణే; కొన్నాళ్లు మా సంఘ కార్యదర్శిని. ఉజ్జీవ కూటాల పందిరికైతే తెల్లారకముందే లేచేవాణ్ణి. అక్కడ చేతులెత్తినవాళ్ల పేర్లు నాలుగు పేజీలు రాసుకున్నాను. ఒక్కరి గడపా తొక్కలేదు. అడిగితే, వాళ్ల కోసం ప్రార్థిస్తున్నాననేవాణ్ణి. బద్ధకానికి అంత మంచి దుప్పటి ఇంకోటి దొరకదు.

మళ్లీ గుండ్లకమ్మ రేవు. పొద్దు వాలుతోంది. గుమస్తా గొంతు బొంగురుపోయింది. ఒక పేరు పిలిచాడు, ఎవరూ పలకలేదు. కిందిపేరుకు పోవచ్చు. పోలేదు. ఈసారి ఊరి పేరు కలిపి, ఇంకాస్త గట్టిగా పిలిచాడు.

జనం వెనకాల నుంచి, ఎక్కడో: "వస్తన్నా, వస్తన్నానయ్యా!"