మూత పెట్టకూడని సూది

రక్తపరీక్షకు చెయ్యి చాపితే మన చూపంతా సూది గుచ్చే దాకానే. బయటికి తీశాక దాని గతేమిటో ఎవరికీ పట్టదు. టెక్నీషియన్ దానికి మూతైనా పెట్టకుండా డబ్బాలో పడేస్తే నిర్లక్ష్యం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పడేయడం నేర్చుకోవడానికి వైద్యలోకానికి చాలా ఏళ్లే పట్టింది.

సిర పొడిచి నెత్తురు తీయడం పాత విద్యే. సుశ్రుత సంహితలో సిరావ్యధకు ఒక అధ్యాయమే ఉంది. తప్పుడు పోట్లే అందులో 20 రకాలు! ఐరోపాలో ఈ పని క్షురకులూ చేసేవారు. తీసి పారబోయడమే అప్పటి వైద్యం. 1799 డిసెంబరులో గొంతు వాచిన జార్జి వాషింగ్టన్‌కు ఒక్కరోజులోనే పలుమార్లు తీశారు. ఆ రాత్రే పోయాడు.

1844లో డబ్లిన్‌లో ఫ్రాన్సిస్ రిండ్ బోలు సూది వాడాడు. తర్వాత గాజు సిరంజీలు వచ్చాయి. సూదుల్ని మరగబెట్టి, మొద్దుబారితే సానబట్టి మళ్లీ వాడేవారు. సిరంజీతో తీసిన నెత్తురును సీసాలోకి వంచడం ఇంకో తంటా. 1940లలో అమెరికాలో జోసెఫ్ క్లైనర్ దానికి విరుగుడు కనిపెట్టాడు: గాలి తీసేసిన గాజుగొట్టం, పైన రబ్బరు బిరడా. రెండు మొనల సూదిలో ఒకటి సిరలోకి, రెండోది బిరడాలోకి. కావలసినంత నెత్తురును గొట్టమే లాక్కుంటుంది. అదే నేటి వాక్యుటైనర్. రక్తకణాల పరీక్ష సీబీపీకి ఊదా మూత, షుగర్‌కు బూడిద మూత. ఊదా ట్యూబును ముందు నింపకూడదు. నెత్తురు గడ్డకట్టకుండా అందులో వేసే పొటాషియం ఈడీటీఏ చుక్క తర్వాతి ట్యూబులోకి జారితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనబడి డాక్టరును కంగారు పెడతాయి.

ఇంతదాకా జాగ్రత్తలన్నీ దాదాపు రోగి కోసమే. ఎయిడ్స్ వచ్చాక తీసే చేతి మీదికి చూపు మళ్లింది. 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఎవరి రక్తాన్నైనా అంటు ఉన్నట్టే చూడమంది. మరుసటి ఏడు పరిశోధకురాలు జనీన్ జాగర్ బృందం ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 326 సూదిపోట్లను పరిశీలించింది. దాదాపు మూడోవంతు మూత పెట్టడానికి సంబంధించినవే! అలా పెట్టేవాళ్లను తప్పుపట్టడం తేలికే, కానీ డబ్బా దూరంగా ఉంటే విప్పిన సూదిని పట్టుకుని వార్డంతా నడవడం ఇంకా ప్రమాదం కదా. అందుకే డబ్బాను చేతి దగ్గరికి తెచ్చారు, సూది రూపమూ మార్చారు. 2000లో అమెరికా దానికి చట్టమే చేసింది.

మన దగ్గర వైద్యవ్యర్థాల నిబంధనలు 1998లో వచ్చాయి. 2016 నిబంధనల్లో సూదులకు గుచ్చుకుపోని తెల్లని డబ్బా ఉంది. సూది గుచ్చుకుంటే అందరి భయం హెచ్ఐవీ గురించే. హెచ్ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది అంటేది వెయ్యిలో ముగ్గురికి. టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి అయితే నూటికి ఆరు నుంచి ముప్పై దాకా.

డబ్బా ముప్పావు నిండగానే మూసేయమంటారు. గొంతుదాకా నిండినదాంట్లోకి ఇంకో సూదిని కుక్కబోతే, పైకి తేలిన పాత సూది వేలికి దిగుతుంది.