కంపోస్టు చరిత్ర: చెత్త భారం ఎవరి నెత్తిన?

2011 డిసెంబరులో కేరళలోని విళప్పిల్ గ్రామ పంచాయతీ తన పరిధిలో ఉన్న ఒక కర్మాగారం గేటుకు తాళం వేసింది. ఆ కర్మాగారం తయారు చేసేది ఎరువు. దాని ముడిసరుకు రాష్ట్ర రాజధాని తిరువనంతపురం చెత్త. ఆ తాళాన్ని తీయించడానికి కోర్టు ఉత్తర్వులు, పోలీసు బలగాలు కూడా సరిపోలేదు. ఎరువును కాదనే పల్లె ఉంటుందా అని ఆశ్చర్యపోవచ్చు. ఎరువు పేరు చెప్పి నగరం తన మీద మోపిన భారాన్ని ఆ పల్లె తిప్పికొట్టింది.

పట్టణ వ్యర్థాలను కంపోస్టుగా మార్చే ప్రయత్నాలకు భారతదేశంలో ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఇంత కాలంలోనూ కంపోస్టు శాస్త్రం మౌలికంగా మారలేదు. చెత్తను పుట్టించిన ఇంటికి ఏ పనీ చెప్పకుండా ఆ పనిని ఎవరికి అప్పగించాలన్న ఏర్పాటు మాత్రం మారుతూ వచ్చింది. మొదట అది ఒక కులం నెత్తిన పడింది, తరువాత యంత్రం నెత్తిన, ఆ తరువాత ఊరి నెత్తిన.

కుళ్లే పదార్థాన్ని ఎరువుగా మార్చడం ఉపఖండపు రైతుకు కొత్త విద్య కాదు. పేడ, కసవు, పొయ్యి బూడిద, పశువుల కొట్టంలో మిగిలిన గడ్డి పెంటదిబ్బకు చేరడం, అక్కడ చివికి బండ్ల మీద పొలానికి వెళ్లడం తెలుగు పల్లెల్లోనూ తరతరాల వాడుక. ఈ వాడుకను, చైనా రైతుల అనుభవాన్ని కలిపి ప్రయోగశాల క్రమశిక్షణలో పెట్టినవాడు ఆల్బర్ట్ హోవర్డ్. 1905లో పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకు వచ్చిన ఈ ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త 1924లో ఇండోర్‌లో కొత్త పరిశోధనా సంస్థను ప్రారంభించాడు. హోల్కర్ సంస్థానం అందుకు 300 ఎకరాల భూమి ఇచ్చింది. సహ శాస్త్రవేత్త యశ్వంత్ వాద్‌తో కలిసి హోవర్డ్ 1931లో ప్రచురించిన పుస్తకంతో ‘ఇండోర్ పద్ధతి’ ప్రపంచానికి తెలిసింది. ఆకులు, గడ్డి, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, బూడిదలను పొరలుగా వేసి, గాలి ఆడేలా అప్పుడప్పుడు తిరగవేస్తే మూడు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. రైతు వ్యర్థం రైతు పొలానికే చేరే ఈ పద్ధతిలో భారం ఎవరిదన్న ప్రశ్న పుట్టదు.

ఆ ప్రశ్న పట్టణంలో పుట్టింది. పట్టణపు చెత్తలో ఆహార వ్యర్థాలతో పాటు మరుగుదొడ్ల మలం కూడా ఒక ప్రధాన సమస్య. దానిని కలిపిన కుప్పను పదే పదే తిరగవేయడం దుర్భరం. 1939లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి.ఎన్. ఆచార్య దీనికి ఒక ఉపాయం కనుగొన్నాడు. కందకంలో చెత్త ఒక పొర, మలం ఒక పొర వేస్తూ పోయి పైన మట్టి కప్పి వదిలేస్తే, తిరగవేయనవసరం లేకుండానే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ఎరువు తయారవుతుంది. బర్మా బియ్యం ఆగిపోయి, బెంగాల్ కరువు లక్షల ప్రాణాలను బలిగొన్న కాలంలో, 1943 నాటి ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమానికి పట్టణ ఎరువు అవసరమైంది. బెంగళూరు పద్ధతి ప్రభుత్వ కార్యక్రమంగా మారి పురపాలక సంఘాలకు విస్తరించింది.

శాస్త్రపరంగా అది మెచ్చదగిన పరిష్కారం. కందకం దాకా ఆ మలాన్ని మోసుకు వచ్చేదెవరన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు, ఎందుకంటే జవాబు ముందే సిద్ధంగా ఉంది. తెలుగు పట్టణాల్లో ‘పాకీ పని’ అని పిలిచిన ఆ పనిని కొన్ని దళిత కులాలవారు పుట్టుకతోనే మోయవలసి వచ్చింది. తిరగవేసే శ్రమను తప్పించిన పద్ధతి మోసే శ్రమను తప్పించలేదు. పట్టణ కంపోస్టు తొలి దశ ఆ కులాల శ్రమ మీదనే నిలబడింది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు తొలి చట్టం చేసింది 1993లో మాత్రమే.

దీనికి భిన్నమైన సమాధానం ఆ రోజుల్లోనే ఉంది. గాంధీ ఆశ్రమాల్లో మరుగుదొడ్లు శుభ్రం చేయడం, ఆ మలాన్ని మట్టిలో కప్పి ఎరువుగా మార్చడం ఆశ్రమవాసులందరి వంతు. 1947 డిసెంబరులో, దేశ విభజన గాయాలతో నిండిన ఢిల్లీలో, మీరాబెన్ చొరవతో అఖిల భారత కంపోస్టు మహాసభ జరిగింది. రాజేంద్రప్రసాద్ అధ్యక్షత వహించాడు. గాంధీ ‘హరిజన్’ పత్రికలో దాని గురించి రాశాడు. అప్పటికి ఆయన హత్యకు నెలరోజుల వ్యవధి మాత్రమే ఉంది. కొత్త ప్రభుత్వం కంపోస్టును ఉత్పత్తి లక్ష్యంగా స్వీకరించింది. ఆ పనిని అందరూ పంచుకోవాలన్న సూత్రాన్ని మాత్రం ఆశ్రమంలోనే వదిలేసింది.

1951లో సింద్రీ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. తరువాతి రెండు దశాబ్దాల్లో హరిత విప్లవంతో రసాయన ఎరువు ప్రగతికి పర్యాయపదమైంది, పట్టణ కంపోస్టు దస్త్రాల్లో మిగిలిపోయింది. 1973 చమురు సంక్షోభం ఎరువుల ధరలను ఆకాశానికి ఎత్తిన తరువాత చెత్త మళ్లీ గుర్తుకు వచ్చింది. ఈసారి నమ్మకం యంత్రం మీద పెట్టారు. 1970ల ద్వితీయార్ధంలో కేంద్రం సహాయంతో బెంగళూరు, బరోడా, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, జైపూర్, కాన్పూర్ వంటి నగరాల్లో రోజుకు 150 నుంచి 300 టన్నుల సామర్థ్యం గల యాంత్రిక కంపోస్టు కేంద్రాలు వెలిశాయి. ఇళ్ల నుంచి కలగలిపి వచ్చిన చెత్తను యంత్రమే వేరుచేస్తుందన్నది వాటి వెనుక ఉన్న ఊహ. యంత్రం నుంచి వచ్చిన ఎరువులో గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు కూడా వచ్చాయి. తయారీ ఖర్చు ఎక్కువ, కొనే రైతు తక్కువ. వాటిలో అత్యధికం కాలక్రమంలో మూతపడ్డాయి.

మూడవ దశకు నాంది 1994 సెప్టెంబరులో సూరత్‌లో వ్యాపించిన ప్లేగు. చెత్తకుప్పల సంగతి ఒక్కసారిగా జాతీయ సమస్యగా మారింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టు నియమించిన ఆసిం బర్మన్ కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. 2000 సెప్టెంబరులో కేంద్రం పట్టణ ఘన వ్యర్థాల నియమాలను ప్రకటించింది. కుళ్లే చెత్తను పూడ్చరాదు, ఎరువుగానో వాయువుగానో మార్చాలి, అందుకు 2003 చివరికల్లా ప్రతి పట్టణంలో ఏర్పాట్లు ఉండాలి అన్నది నియమం.

గడువు వచ్చింది, వెళ్లింది. 74వ రాజ్యాంగ సవరణ చెత్త నిర్వహణను పురపాలక సంఘాల బాధ్యతల జాబితాలో చేర్చింది గానీ అందుకు తగిన నిధులను, సిబ్బందిని వాటికి చేర్చలేదు. నియమాలు రాసేది ఢిల్లీలోని పర్యావరణ శాఖ, పథకాల డబ్బు ఇచ్చేది పట్టణాభివృద్ధి శాఖ, కమిషనర్‌ను బదిలీ చేసేది రాష్ట్రం. ఈ స్థితిలో నగరాలు తమకు తెలిసిన సులువైన మార్గం పట్టాయి. చెత్తను కలగలిపి లారీలకెత్తి పొలిమేర దాటించాయి. హైదరాబాద్‌కు జవహర్‌నగర్, బెంగళూరుకు మండూరు, తిరువనంతపురానికి విళప్పిల్‌శాల చెత్త చేరే ఊళ్లయ్యాయి. కొన్ని చోట్ల గేటు మీద ‘కంపోస్టు కేంద్రం’ అన్న బోర్డు కూడా ఉండేది.

విళప్పిల్‌శాల కేంద్రం 2000లో మొదలైంది. శుద్ధి కాకుండా పేరుకుపోయిన చెత్త, దాని నుంచి కారిన మురికినీరు, వాసన ఆ గ్రామానికి పదేళ్ల అనుభవంగా మిగిలాయి. 2011లో తాళం పడిన తరువాత, 2012 ఫిబ్రవరిలో పోలీసు బందోబస్తు మధ్య కేంద్రాన్ని తిరిగి తెరిపించబోతే మహిళలతో సహా వేలాది మంది అడ్డుపడ్డారు. అప్పటికి నగరపాలక సంస్థ వామపక్షం చేతిలో, రాష్ట్రం కాంగ్రెస్ కూటమి చేతిలో ఉన్నాయి. వెనక్కి తగ్గక రెంటికీ తప్పలేదు. నగరానికి తన చెత్తను పంపడానికి వేరొక ఊరు మిగలలేదు.

అసలు మార్పు అక్కడ మొదలైంది. తిరువనంతపురంలో ఇళ్లకు కంపోస్టు పాత్రలు, వాడల్లో సామూహిక తొట్లు వచ్చాయి. అలప్పుళలోనూ కథ ఇదే. సర్వోదయపురానికి చెత్త పంపడాన్ని అక్కడి ప్రజలు ప్రతిఘటించడంతో కాలువల పట్టణమైన అలప్పుళ చెత్తతో నిండింది. 2012లో స్థానిక శాసనసభ్యుడు, ఆర్థికవేత్త థామస్ ఐజాక్ చొరవతో ‘నిర్మల భవనం నిర్మల నగరం’ కార్యక్రమం మొదలైంది. పెరడు ఉన్న ఇంటికి పైపు కంపోస్టు, వీలున్నవారికి చిన్న బయోగ్యాస్ యూనిట్, ఏ వసతీ లేనివారికి వీధి చివర వాయుసహిత తొట్టి. త్రిసూర్ జిల్లా తుంబూర్‌ముళిలోని పశువైద్య విశ్వవిద్యాలయ కేంద్రంలో రూపొందిన ఈ తొట్టి నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గలది. గోడల్లో గాలి కోసం సందులు ఉంటాయి. పేడ, ఎండుటాకులు, వంటింటి వ్యర్థం పొరలుగా వేస్తే సుమారు 90 రోజుల్లో ఎరువు. సారాంశంలో అది హోవర్డ్ కుప్పే. ఎనభై ఏళ్ల తరువాత, కులాన్నీ యంత్రాన్నీ ఊరినీ దాటుకుని, అది చెత్త పుట్టిన వీధికి చేరింది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చెత్త సమస్యను ఎదుర్కొంటున్న ఐదు ఆదర్శ నగరాల్లో అలప్పుళను పేర్కొన్నది.

ఈ మార్గం తెలియక మిగిలిన నగరాలు వెనుకబడ్డాయని చెప్పడానికి లేదు. ఢాకాలోని మీర్‌పూర్‌లో ‘వేస్ట్ కన్సర్న్’ సంస్థ 1990లలోనే, లయన్స్ క్లబ్ ఇచ్చిన స్థలంలో వాడ స్థాయి కంపోస్టు కేంద్రాన్ని నడిపి చూపింది. 2000 దశకం ఆరంభంలో సూర్యాపేట పురపాలక సంఘం చెత్తకుండీలు లేని పట్టణంగా, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చే పట్టణంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిన కూరగాయలను అక్కడికక్కడే బయోగ్యాస్‌గా, విద్యుత్తుగా మారుస్తున్నారు. ఉదాహరణలకు కొదవలేదు. కానీ చెత్తను దూరంగా పంపే దారి తెరిచి ఉన్నంత కాలం ఏ నగరమూ పౌరుడిని రెండు బుట్టలు పెట్టుకోమని గట్టిగా అడగదు. అడిగితే ఓట్లు పోతాయన్న భయం. దూరపు ఊరివాళ్లు ఆ నగర ఎన్నికల్లో ఓటర్లు కారు.

అడగకపోవడానికి మూల్యం ఉంది. 2017 ఏప్రిల్‌లో సింహళ, తమిళ నూతన సంవత్సరం నాడే కొలంబోలోని మీతొటముల్ల చెత్తకొండ ఇళ్ల మీద కూలి 30 మందికి పైగా మరణించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ గాజీపూర్ కొండ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2023 మార్చిలో కొచ్చి శివార్లలోని బ్రహ్మపురం చెత్తకు నిప్పంటుకుని పదిరోజులకు పైగా నగరం పొగలో మునిగింది. అలప్పుళ ఉన్న రాష్ట్రంలోనే బ్రహ్మపురం కూడా ఉంది. పక్క పట్టణంలో ఆచరణ కళ్లెదుట ఉన్నా, దూరపు గుట్ట అందుబాటులో ఉన్న నగరం దానిని నేర్చుకోలేదు.

దీనికి ప్రతివాదం కూడా ఇండోర్ నుంచే వస్తుంది. 2017 నుంచి వరుసగా స్వచ్ఛ సర్వేక్షణ్ ప్రథమ స్థానాలు పొందుతూ వచ్చిన ఆ నగరం 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తను వాయువుగా మార్చే భారీ కేంద్రాన్ని ప్రారంభించింది. కేంద్రీకృత కర్మాగారం కూడా నడుస్తుందనడానికి దానిని ఉదాహరణగా చూపుతారు. అయితే అక్కడికి చేరే చెత్త ఇంటి గడపలోనే వేరై వస్తుంది. 1970ల యంత్రానికి దక్కనిది ఇదే. కేంద్రం చిన్నదా పెద్దదా అన్నది తరువాతి మాట, మొదటి పని వంటింట్లో జరగవలసిందే. 2016 నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంటి వద్దే వేరుచేయడాన్ని తప్పనిసరి చేశాయి. 2000 నియమాల గతి ఇలాంటి నియమాలకు పట్టకూడదంటే పౌరుడిని అడిగే ధైర్యం పాలకులకు ఉండాలి.

ఆ ధైర్యానికి ఆర్థిక ఆసరా కూడా కావాలి. 45 కిలోల యూరియా బస్తా రాయితీ ధర పన్నులు గాక 242 రూపాయలు. అందులోని నత్రజనిని 0.8 శాతం కనీస ప్రమాణం గల నగర కంపోస్టు ద్వారా ఇవ్వాలంటే రెండున్నర టన్నులకు పైగా మోయాలి. కంపోస్టు మట్టికి ఇచ్చే జీవం, తేమ నిలిపే గుణం యూరియాకు లేవు, కానీ ధరల పట్టికలో వాటికి గడి లేదు. 2016లో కేంద్రం నగర కంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల సహాయం ప్రకటించింది. 2021లో అది ఆగి, 2023లో గోబర్‌ధన్ పథకం కేంద్రాల ఎరువులకు మరో రూపంలో వచ్చింది. ఇలా వచ్చిపోయే సహాయాన్ని నమ్మి ఏ పురపాలక సంఘం పదేళ్ల ప్రణాళిక వేయగలదు?

ఇక మిగిలినది శ్రమ. ఇళ్ల వద్ద వేరుచేసిన చెత్తను సేకరించే పని ఇప్పుడు అనేక పట్టణాల్లో స్వయం సహాయక బృందాల మహిళల చేతికి వచ్చింది. కేరళ హరిత కర్మసేనకు, ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ నమూనాకు వారే ప్రాణం. ఇంటింటి రుసుము మీద ఆధారపడిన ఆ ఆదాయానికి ఉద్యోగ భద్రత తోడు కాకపోతే, కులం నెత్తి నుంచి దిగిన గంప పేద మహిళ నెత్తికి మారినట్లే అవుతుంది. విళప్పిల్ పంచాయతీకి వేయడానికి ఒక తాళమన్నా ఉంది. ఈ మహిళలకు అదీ లేదు.