యగ్నోబు లోయలోని ప్రాచీనభాష



నేను చిరకాలము పాఠశాలలో వ్యాకరణము బోధించితిని. సంస్కృతమున 'కరోతి' యనగా చేయుచున్నాడు; 'అకరోత్' అనగా చేసెను. భూతకాలమును తెలుపుచు ముందు చేరిన యీ అకారమును వైయాకరణులు అడాగమ మందురు. ఒకనాడొక విద్యార్థి లేచి, "అయ్యా, గ్రంథములలో దప్ప నీ యకారమును నేడెవరైన పలుకుదురా?" అని యడిగెను. ఎవరును పలుకరని చెప్పి కూర్చుండబెట్టితిని. ఆ యుత్తరము తప్పు. దానిని దిద్దుకొనుటకే యీ ప్రసంగము.

తజికిస్థాను దేశమున, జరఫ్‌షాను నదికి నీరు చేర్చు ఎత్తైన కొండలలో యగ్నోబు అను నది గలదు. ఆ లోయవారు యగ్నోబీలు. వారి భాషలో 'అకునిమ్' అనగా నేను చేసితిని. 'అకున్' అనగా అతడు చేసెను. వేదమునందలి 'అకృణోత్' అను రూప మెరిగినవారి కీ మాట చుట్టమువలె దోచును. ఇది సంస్కృతమునుండి వారు గైకొన్నది కాదు. మన ప్రాచీనభాషకును ఇరాను భాషలకును మూలమైన పూర్వభాషనుండి యుభయులకు సంక్రమించిన పిత్రార్జితము.

దేశభాషయైన తాజికీ పారసీకమున కొక రూపము. అందు పగటికి 'రూజ్' అని పేరు. యగ్నోబీలు కొందఱు 'మేత్' అనియు, కొందఱు 'మేస్' అనియు నందురు. ఈ మాటలు ప్రాచీన సొగ్దు భాషకు సంబంధించినవి.

సమర్కందు, పంజికెంతు నగరములు సొగ్దులవి. వారి వర్తకులు చీనాదేశము వఱకు వ్యాపించిరి. నాలుగవ శతాబ్ది యారంభమున వారు వ్రాసికొన్న జాబులు 1907లో తున్‌హువాంగు సమీపమున ఆరెల్ స్టెయిను పండితునకు దొరకినవి. అరబ్బులు దండెత్తి వచ్చినపుడు పంజికెంతు ప్రభువు దేవాష్తిచ్ ముగ్ అను కొండకోటలో దాగి, 722లో పట్టుబడి చంపబడెను. ఆ కోటలో మిగిలిన పత్రములు 1930 తరువాతి సంవత్సరములలో బయల్పడినవి. క్రమముగా నగరములలో పారసీకము నిలిచెను. సొగ్దు భాష యణగెను. దాని సోదరభాష మాత్రము, మంచు నెలల తరబడి దారులు మూయు యగ్నోబు లోయలో బ్రదికెను.

రాజ్యము పోయినను పోని భాషకు 1970లో వేఱొక యాపద వచ్చెను. హిమపాతముల భయమును గారణముగ జూపి, సోవియట్టు ప్రభుత్వము ఆ కొండవారిని హెలికాప్టరులలో నెక్కించి జఫరాబాదు మైదానమునకు దరలించెను. అచట పత్తి చేలకు గూలీలు కావలసియుండిరి. చల్లని కొండలలో పుట్టినవారు ఆ యెండకు దాళలేక పలువురు మరణించిరి. విడిచిన గ్రామములు పాడుపడెను. తరువాతి దశాబ్దమున కొన్ని కుటుంబములు మరల కొండ నెక్కెను. అనేకులు మైదానముననే యుండిపోయిరి.

1989 నాటి భాషాశాసనమున యగ్నోబీని రక్షింపవలెనని వ్రాసిరి. శాసనము మంచిదే. కాని బిడ్డల చదువు తాజికీలో, ఇరుగుపొరుగుల సంభాషణ తాజికీలో సాగుచుండగా, తల్లి పలుకు ఇల్లు దాటదు. భాషకు కోటగోడ మంచు గాదు, కలసి యుండు ఊరు.

ఆ విద్యార్థి యీ మాటలు వినుచున్నచో నా సవరణ యిది: నాయనా, ఆ యకారమును పలుకువారు కలరు. తమ పనిపాటలు చెప్పుకొనుచు, వ్యాకరణ మెఱుగకయే పలుకుచున్నారు. వారి మనుమలును పలుకుదురుగాక.